అడిగి వెళ్ళవలసిన చోటు

సెయింట్ అసాఫ్ దీవి, దక్షిణ కరొలైనా
మార్చి 11, 1991

చెల్లెలు ఆర్డెల్‌కి, ఎఫ్రాయిమ్ రాస్తున్నది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. "ఇంటికి వచ్చేస్తానన్నయ్యా, ఇక్కడ చాలు" అని రెండు ముక్కలు రాసి, తక్కిన కాగితమంతా నీ కూతురు కొరీన్ కొన్న కొత్త కారు సంగతితో నింపావు. నలభై అయిదేళ్ళు ఫిలడెల్ఫియాలో ఉండి ఇంటిమీద మనసు మళ్ళిన మనిషి ఇంతకంటే వివరంగా రాయవచ్చు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే. అసలు మాట గుప్పిట్లో దాచుకుని ఊళ్ళో కబుర్లన్నీ ముందు పెడతావు.

అమ్మ గది నీకోసం బాగుచేయిస్తున్నాను. చేయిస్తున్నాను అంటే చేస్తున్నాను అని. ఇక్కడ కూలికి మనిషి దొరకడం లేదు. కండబలం ఉన్నవాళ్ళంతా బెల్‌వేల్ గోల్ఫ్ మైదానంలో గడ్డి కత్తిరించడానికి పోయారు. కిటికీ చట్రాలకి నీలం రంగు వేశాను. దయ్యాలు నీలం చూసి నీళ్ళనుకుంటాయనీ, నీళ్ళు దాటి రావనీ అమ్మ అనేది కదా. నేను నమ్మను. నువ్వు నమ్ముతావు కనక రెండు పూతలు వేశాను.

నేను ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పిన బడి ఇప్పుడు కర్టెన్ల కొట్టు అయింది. కిటికీలో ఒక బొమ్మ పెట్టారు: తెల్ల స్తంభాల మేడ, మేడ ముందు గొడుగు పట్టుకున్న దొరసాని. ఆ గొడుగు ఎండలో ఎవరి చేత మోయించేదో బొమ్మ వేసినవాడికి గుర్తు రాలేదు. పాస్టర్ గ్యాడ్సన్ నువ్వు వస్తున్నావని విని, పాటల బృందానికి మంచి గొంతు దొరుకుతుందని సంబరపడ్డాడు. బెల్‌వేల్ గేటు తెరిచిన రోజున ప్రార్థన చేసింది ఆయనే. ఆయన సంబరాలకి నేను అంత విలువ ఇవ్వను.

ఫోను తీయించేశాను. వచ్చే పిలుపులన్నీ ఈ ఇల్లు, ఈ నేల చెక్క అమ్ముతావా అని అడిగేవాళ్ళవే. నువ్వు ఏ రైలుకి వస్తావో ఉత్తరం రాయి.

నీ అన్న,
ఎఫ్రాయిమ్

*

ఫిలడెల్ఫియా
మార్చి 24, 1991

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నీ దస్తూరి ఇంకా బడిపంతులు దస్తూరే, కొరీన్ ముచ్చటపడింది. "అమ్మా, మామయ్య కామా కూడా కొలిచి పెడతాడే" అంది.

రైలు సంగతి అడిగావు. అన్నయ్యా, నేను బతికుండగా వస్తానని రాయలేదు. నా తప్పే, సరిగ్గా రాయలేదు. మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు నా రక్తమంతా గొట్టాలతో బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపల పోస్తున్నారు. ఇంకెన్నాళ్ళని డాక్టరు చెప్పడు. నేనూ అడగలేదు. చెప్పేటట్టుంటే ముఖం చూస్తే తెలిసేది. ఆయన నా ముఖం చూడకుండా నా కాగితాలు చూసి మాట్లాడతాడు.

గది బాగుచేశావంటే నాకు ఎంత సిగ్గేసిందో. ఆ నీలం రంగు పాడవదులే. నువ్వే పడుకో అందులో.

నాకు కావలసింది ఒకటే. అమ్మ పక్కన పడుకోవాలి, ఏటి ఒడ్డున, మన సమాధుల తోటలో.

ఎందుకో చెప్తే నవ్వకు. ఆసుపత్రి కుర్చీలో గొట్టాలు పెట్టుకుని కూర్చున్నప్పుడు అమ్మ వస్తోంది. పట్టపగలు, మధ్యాహ్నం భోజనం పళ్ళాలు తీసే వేళకి. ఆదివారం వేసుకునే గోధుమరంగు గౌను, టోపీ. వచ్చి కిటికీ దగ్గర నిలబడుతుంది, నాకు వీపు పెట్టి. మొదటిసారి "అమ్మా" అని పిలిచాను. నర్సు "ఏంటి బామ్మా?" అంటూ పరిగెత్తుకొచ్చింది. అమ్మ మాత్రం తిరగలేదు. ఇప్పటికి చాలాసార్లు వచ్చింది. ఒక్కసారీ ముఖం చూపించలేదు.

ఎందుకు తిరగదో నాకు తెలుసు. నీకూ తెలుసు. తన భూస్థాపనకి నేను రాలేదు.

అందుకని నువ్వే ఉండాలి అన్నయ్యా. మామూలుగా అడిగేటట్టే, తోట ముందు ఆ రెండు గుంజల దగ్గర నిలబడి, పెట్టె కింద పెట్టించి, లోపలున్నవాళ్ళని నువ్వు అడగాలి. ఫలానామె వచ్చింది, రానిస్తారా అని. ఇంటిపెద్ద అడగందే మనవాళ్ళలో ఎవరూ లోపలికి పోలేదు కదా. ఆ మాటలు నీకు తప్ప ఇంకెవరికీ రావు. పాస్టరుకి రావు, వచ్చినా వాళ్ళు ఆయన మాట వినరు. నువ్వు అడిగితే అమ్మ కాదనదు. నిన్ను ఎప్పుడూ కాదనలేదు.

కొరీన్ నా చెయ్యి పట్టుకుని రాయిస్తోంది, తప్పులుంటే దానివి.

నీ చెల్లి,
ఆర్డెల్

*

సెయింట్ అసాఫ్ దీవి
ఏప్రిల్ 8, 1991

ఆర్డీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి చాలా రోజులు పట్టింది. నీ రక్తం సంగతి చదివి, వరండాలోకి పోయి కూర్చున్నాను. దాని గురించి ఇంకేమీ రాయలేను. రాయడం చేతకాదు.

అమ్మ పక్కన నీకు చోటుంది. ఉత్తరపు వైపు, మన తాత కాళ్ళ దగ్గర. దాని గురించి పేచీ లేదు. పేచీ అంతా దారి గురించి.

నువ్వు ఊరు విడిచి పోయినప్పుడు తోటకి దారంటే మొక్కజొన్న చేలో కాలిబాట. ఇప్పుడు ఆ ఏటి ఒడ్డంతా కంచె లోపలికి పోయింది. కంచెకి ఒక గేటు, గేటుకి ఒక గది, గది మీద బంగారు అక్షరాలతో "బెల్‌వేల్ ప్లాంటేషన్". మన ముత్తాతని బానిసగా ఏ పేరుతో కొని ఏ పేరుతో తోలారో, ఆ పేరే. ఒహాయో నుంచీ న్యూజెర్సీ నుంచీ వచ్చి, ఆ పేరు ఉన్నందుకు ఎక్కువ ధర పెట్టి ఇళ్ళు కొనుక్కుంటున్నారు. మధ్యలో గోల్ఫ్ మైదానం. మైదానం చివర మన వాళ్ళు.

లెనోరాని తీసుకెళ్ళిన రోజు నీకు తెలియదు. నువ్వు పువ్వులు పంపావు, మంచి పువ్వులే. నా భార్య పెట్టె వెనక నేను కారులో కూర్చున్నాను. గేటు దగ్గర ఆపారు. ఆపింది ఎవరనుకున్నావు? మన కేలబ్ మనవడు లియాండర్. నేను అక్షరాలు దిద్దించినవాడు. యూనిఫారం వేసుకుని, కారు కారుకీ ఒక చీటీ ఇచ్చాడు. "అతిథి. సాయంత్రం ఆరు వరకు." అద్దం మీద కనబడేలా పెట్టమన్నాడు.

"ఏరా, నా పెళ్ళానికి కూడా చీటీ ఇస్తావా? ఆరు తరవాత ఆమె ఉండచ్చా, లేకపోతే బయటికి తేవాలా?" అన్నాను.

"తాతా, రూలు తాతా. నేను పెట్టింది కాదు" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

తీసుకున్నాను. పెట్టె వెనక పోట్లాడలేం కదా. గుంజల దగ్గర అడగవలసిన మాటలు అడిగాను. మన పద్ధతి ప్రకారం ఆమె చివర తాగిన కప్పు చెవి విరగ్గొట్టి మట్టి మీద పెట్టాను. తిరిగి వచ్చి, ఆ గేటులోకి చీటీ అడిగి మళ్ళీ అడుగు పెట్టనని ఒట్టేసుకున్నాను. తొమ్మిదేళ్ళయింది. పెట్టలేదు.

పిచ్చి పంతం అంటావు. నేను చదివినవి నువ్వు చదవలేదు. ఈ రాష్ట్రం ఇంకా ఇంగ్లండు రాజుగారి వలసగా ఉన్నప్పుడు, 1740లో, ఒక చట్టం చేశారు. యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా బానిస పొలం గట్టు దాటితే కొరడా దెబ్బలు. "ఒట్టి వీపు మీద ఇరవైకి మించకుండా" అని రాశారు. మించకుండా అన్నచోట వాళ్ళ దయ చూడు. చీటీ చదవడం రాని తెల్లవాడు కూడా మన ముత్తాతని దారిలో ఆపి చీటీ చూపించమనేవాడు, తలకిందులుగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేవాడు. ఇది నా ఊహ కాదు, తాత చెప్పగా విన్నాను. రెండువందల యాభై ఏళ్ళు తిరిగి, అదే నేలమీద, అదే పేరు కింద, అదే చీటీ. కాకపోతే అప్పుడు బయటికి పోవడానికి, ఇప్పుడు లోపలికి రావడానికి. ఇచ్చే చెయ్యి మనవాడిది. తెలివి మీరారు.

అందుకని ఒక మాట చెప్తాను, కోపగించుకోకు. చర్చి వెనక కొత్త శ్మశానంలో నాకు చోటు తీసిపెట్టుకున్నాను. రోడ్డు పక్కనే, కంచె లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. నీకూ పక్కనే తీస్తాను. ఇద్దరం కలిసి పాస్టరుని తిట్టుకుంటూ పడుకోవచ్చు.

నీ అన్న

*

ఫిలడెల్ఫియా
ఏప్రిల్ 27, 1991

అన్నయ్యా,

రోడ్డు పక్కన నేను పడుకోను. లారీల మోతకి ఇక్కడ నలభై అయిదేళ్ళు నిద్ర పట్టలేదు, అక్కడ కూడానా? పైగా అమ్మ అక్కడ లేదు. నువ్వు అమ్మవి కాదు కదా, ఎంత పెద్దరికం చేసినా.

నీ బాధ నాకు అర్థమైంది. ఆ గేటు దగ్గర నువ్వు ఎవర్నీ దేబిరించక్కర్లేకుండా ఏర్పాటు చేశాను. కొరీన్ చేత ఆ కంపెనీ ఆఫీసుకి ఉత్తరం కొట్టించాను. మా అమ్మ అక్కడుంది, నేను పోయాక పక్కన పెట్టడానికి దయచేసి అనుమతించండి అని. జవాబు వెంటనే వచ్చింది. ఎంత మర్యాదగా రాశారో. పొద్దున పది లోపల అయిపోవాలి, ఆటగాళ్ళకి ఇబ్బంది లేకుండా. పది కార్లు. చీటీలు గేటు దగ్గర ముందే రాసి ఉంచుతారట. నువ్వు నోరు తెరవక్కర్లేదు. చెయ్యి చాపితే చాలు.

నీకొక పని తప్పింది కదా? నాకు చాలా తేలిగ్గా ఉంది. నిన్న మన టమాటా ఎర్రన్నం వండమని కొరీన్ని పీడించి రెండు ముద్దలు తిన్నాను, డాక్టరుకి చెప్పకు. టమాటా నాకు విషంట ఇప్పుడు.

అమ్మ ఇవాళ కూడా వచ్చింది. అలాగే నిలబడింది.

నీ ఆర్డెల్

*

ఫిలడెల్ఫియా
మే 2, 1991

అన్నయ్యా,

మొన్న రాసిన దానికి నీ జవాబు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. కానీ నిన్న ఒంట్లో బాగాలేక భయం వేసింది. ఒక సంగతి నీకు చెప్పకుండా పోకూడదు.

అమ్మ పోయినప్పుడు రైలు తప్పిపోయిందని నీకు రాశాను. రైలు తప్పలేదు. మిసెస్ ఆల్డ్రిచ్ ఇంట్లో ఆ వారం పెద్ద విందు. నీ టెలిగ్రాం వంటింట్లో ఉండగా వచ్చింది. చేతులు తుడుచుకుని పోయి ఆవిడని సెలవు అడిగాను. ఆవిడ చెడ్డది కాదు. పాపం, కుర్చీలో కూలబడి "అయ్యో ఆర్డెల్, ఇప్పుడా?" అంది. విందు అయ్యాక వెళ్ళమంది. ఈలోగా వెళ్తే తిరిగి రావక్కర్లేదంది. కొరీన్ అప్పుడు ఒళ్ళో పిల్ల. దాని తండ్రి సంగతి నీకు తెలిసిందే.

ఆ రోజు వెండి గిన్నెలన్నీ తోమాను. నువ్వు అక్కడ గుంజల దగ్గర నిలబడి అమ్మ కోసం అడుగుతున్న వేళకి నేను ఇక్కడ పళ్ళెం పట్టుకుని "ఇంకొంచెం వడ్డించనా అమ్మగారూ?" అని ఒక్కొక్కర్నే అడుగుతున్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు "నువ్వు అడిగావా? అడిగావా వాళ్ళని?" అని అరుస్తావని. నీకు అడగడం అంటే చావు. నాకు కొత్త కాదన్నయ్యా. దీవి దాటిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాను. కూర్చోనా, వెళ్ళనా, తాగనా. అడిగి అడిగి నాలిక మీద ఆ మాటకి రుచి పోయింది. నువ్వు పంతం పట్టగలిగావు, ఎందుకంటే నీకు కాళ్ళ కింద నాన్న నేల చెక్క ఉంది. నాకు వేరేవాళ్ళ వంటిల్లు ఉంది. తప్పు పట్టడం లేదు. ఉన్నది చెప్తున్నాను.

నాకు రైలు తప్పిపోయిందని అమ్మ అనుకుంటోందేమో. నువ్వు అడిగేటప్పుడు, కుదిరితే, ఈ సంగతి కూడా చెప్పు.

నీ చెల్లి

*

సెయింట్ అసాఫ్ దీవి
మే 3, 1991

ఆర్డెల్,

ఏప్రిల్ 27న నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ అందింది. వరండాలో నిలబడి చదివాను. కూర్చోలేకపోయాను.

కన్నతల్లి పక్కన పడుకోవడానికి "దయచేసి" అన్నావా? ఎవరిని? మన ముత్తాత వెన్ను విరిచిన నేల మీద కర్రతో బంతి కొట్టుకునేవాళ్ళనా? వాళ్ళు మర్యాదగా రాశారని మురిసిపోతున్నావు. మర్యాదగా రాయక ఏం చేస్తారు? కాళ్ళ దగ్గరికి వచ్చిన మనిషిని ఎవరు తంతారు?

నువ్వు చేసిన మేలు ఏమిటో తెలుసా? ఇన్నాళ్ళూ ఆ నేల మనదని, గేటు వాళ్ళది మాత్రమేనని నేను అంటూ వచ్చాను. ఇప్పుడు ఆ ఆఫీసు బీరువాలో మన మంగిన్‌ల సంతకంతో ఒక కాగితం ఉంది, అనుమతించ ప్రార్థన అని. నువ్వు నలభై అయిదేళ్ళు ఎవరి వంటింట్లో ఉన్నావో ఆ వంటింటి బుద్ధి పోనిచ్చుకోలేదు. అమ్మ పోయినప్పుడు రావడానికి తీరిక లేదు, ఇప్పుడు అమ్మ పేరు చెప్పి దేబిరించడానికి తీరిక దొరికింది.

పది కార్లు అన్నావు. తొమ్మిదే లెక్కపెట్టుకో.

ఎఫ్రాయిమ్ మంగిన్

*

ఫిలడెల్ఫియా
మే 10, 1991

అన్నయ్యా,

నీ జవాబు అందింది.

మిసెస్ ఆల్డ్రిచ్ సంగతి రాసినందుకు నువ్వు కోప్పడతావని తెలుసు. అది చదివాక కూడా "తీరిక లేదు" అంటావనీ, వంటింటి బుద్ధి అంటావనీ మాత్రం అనుకోలేదు. నలభై ఏళ్ళు నోట్లో పెట్టుకున్న ముల్లు నీ చేతిలో పెడితే, దాన్ని తిప్పి నాకే గుచ్చావు. సరే. నువ్వు చదువుకున్నవాడివి.

ఇక నిన్ను ఇబ్బంది పెట్టను. ఇక్కడే పెట్టమని కొరీన్‌తో చెప్పాను. ఇళ్ళ వెనక కొండ మీద, చలికాలం మంచు పడుతుంది. అమ్మ ఎలాగూ తిరిగేది లేదు.

ఆర్డెల్

*

సెయింట్ అసాఫ్ దీవి
మే 15, 1991

ఆర్డీ,

దీన్ని త్వరగా చేరే టపాలో వేస్తున్నాను. వంతెన దాటి పెద్ద పోస్టాఫీసు దాకా పోయి వేస్తాను.

నీ మే 2 ఉత్తరం నాకు మే 6న వచ్చింది. నేను నా చెత్త ఉత్తరం మే 3న వేశాను. రెండూ దారిలో ఎదురుపడి దాటిపోయాయి. నేను రాసినది నీ వెండి గిన్నెల సంగతికి జవాబు కాదు. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిశాక రాయడానికి కూర్చుంటే మాటలు రాలేదు. ఈలోగా నీ మే 10ది వచ్చిపడింది. తారీఖులు చూసుకో, నేను అబద్ధం ఆడటం లేదని తెలుస్తుంది.

ఆ విందులో తిన్నవాళ్ళ పేర్లు నీకు గుర్తున్నాయా? ఒక్కరిదైనా? అడగడం ఎందుకంటే, వాళ్ళందరూ ఈపాటికి పోయి ఉంటారు, ఏదో ఒకచోట ఎవరినీ అడగకుండా పడుకుని ఉంటారు. అది ఆలోచిస్తూ కూర్చుంటున్నాను.

నేను నలభై ఏళ్ళు నీమీద కోపం పెంచుకున్నాను. కుక్కని పెంచినట్టు పెంచాను. మంచి తిండి పెట్టాను. ఇప్పుడు దాన్ని ఎవరిమీదికి ఉసిగొల్పాలో తెలియడం లేదు. మిసెస్ ఆల్డ్రిచ్ మీదికా? పేరు తెలియని మనిషి. నువ్వే ఆవిడ చెడ్డది కాదంటున్నావు. చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. లియాండర్ చెడ్డవాడు కాదు, కంపెనీ మర్యాదస్తులు, మిసెస్ ఆల్డ్రిచ్ కుర్చీలో కూలబడింది. ఇంతమంది మంచివాళ్ళు కలిసి నిన్ను అమ్మ దగ్గరికి రానివ్వలేదు.

ఆ కొండ మీద మంచులో నువ్వు ఉండటానికి వీల్లేదు. కొరీన్‌కి చెప్పు, ఇక్కడికి తీసుకురమ్మను. గుంజల దగ్గర నేను ఉంటాను. గేటు దగ్గర ఏం చేస్తానో మాత్రం నన్ను అడగకు. నాకే తెలియదు. ఏట్లో పడవ వేసుకుని అటునుంచి రావచ్చా అని రెండుసార్లు పోయి చూశాను. ఇసుక మేట వేసింది, పోటు ఉన్నప్పుడు కూడా పడవ ఒడ్డుకి చేరదు. ఎనభై ఒకటో ఏట బురదలో ఇరుక్కుంటే నన్ను కూడా అక్కడే పాతిపెడతారు, చీటీ ఖర్చు కలిసొస్తుంది.

అమ్మ తిరగకపోతే తిరగకపోనీ. నువ్వు కళ్ళు మూసుకో. చూడకు ఆవిడ వైపు.

నీ అన్న,
ఎఫ్రాయిమ్

*

సెయింట్ అసాఫ్ దీవి
జూన్ 19, 1991

ఆర్డీ,

ఈ ఉత్తరం ఏ టపాలో వేయాలో తెలియదు. అయినా రాయకపోతే మనసు నిలవడం లేదు. ఏం జరిగిందో నీకు చెప్పవలసినది నేనే. కొరీన్ చెప్పజాలదు, దానికి సగం అర్థం కాలేదు.

నా చివరి ఉత్తరం నీకు చదివి వినిపించానంది. తారీఖుల దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నావట. పడవ దగ్గర నవ్వావట. ఆ తరవాత నువ్వు కళ్ళు తెరవలేదంది. ఎందుకు నవ్వావో నేను చాలా రకాలుగా ఆలోచించాను. ఏదీ ఖాయం చేయలేకపోయాను.

శనివారం పొద్దున వచ్చారు. ముందు నీ పెట్టె బండి, వెనక కొరీన్ కారులో నేను, ఆ వెనక చర్చివాళ్ళు. బెల్‌వేల్ గేటు దగ్గర అడ్డకర్ర దించి ఉంది. లియాండర్ బయటికి వచ్చాడు. టోపీ తీశాడు. నీ బండికి చీటీ పెట్టాడు, డ్రైవరుతో ఏదో అన్నాడు. మా కారు దగ్గరికి వచ్చేసరికి వాడి ముఖం పాలిపోయింది.

"తాతా, మీరు చూడక్కర్లేదు. మీ చీటీ కొరీన్ అత్తకి ఇచ్చేస్తా. మీరు అటు తిరగండి" అన్నాడు.

వాడు నాకు దారి చూపించాడు. అటు తిరిగితే అయిపోయేది. తొమ్మిదేళ్ళ ఒట్టు చెక్కుచెదరకుండా లోపలికి పోయేవాణ్ణి. నేను అద్దం దించాను.

"నాది నాకియ్యి" అన్నాను.

"ఏంటి తాతా?"

"చీటీ ఇయ్యరా. అడుగుతున్నాను. దయచేసి ఇయ్యి. వినపడలేదా?"

కొరీన్ నావైపు తిరిగి చూసింది. లియాండర్ చీటీ ఇచ్చాడు. నేను దాన్ని అద్దం మీద, అందరికీ కనబడేచోట పెట్టాను. నోటికి ఆ మాట ఎలా ఉంటుందో తెలుసుకుందామని అడిగాను ఆర్డీ. నువ్వు రుచి పోయిందన్నావు. నాకు ఇంకా ఉంది. ఇనుము నాకినట్టుంది.

గోల్ఫ్ మైదానం పక్కనుంచి పోయాం. ఇద్దరు ఆటగాళ్ళు కర్రలు దించి, టోపీలు తీసి నిలబడ్డారు. మర్యాదస్తులు. తోట చివర చెట్ల కింద ఆ రెండు గుంజలూ ఉన్నాయి, ఒకటి వాలింది. నీ పెట్టె వాటి ముందు దించారు. అందరూ నా వెనక నిలబడ్డారు. జిప్పోరా అత్తయ్య చేతికర్ర మీద వాలి నిలబడింది. తొంభై దాటినా పద్ధతి ఒక్కటీ మరిచిపోలేదు.

మాటలు నీకు తెలుసు. ముందు వెళ్ళినవాళ్ళారా, ఫలానామె వచ్చింది, రానిస్తారా అని అడిగి, జవాబు వచ్చిందని పెద్దవాడికి తోచేదాకా ఆగాలి. నాన్నకి నేనే అడిగాను. అమ్మకి అడిగాను. లెనోరాకి అడిగాను. ఎప్పుడూ నోరు తడబడలేదు.

"ముందు వెళ్ళినవాళ్ళారా" అన్నాను. ఆ తరవాతి మాట నోట్లోనే ఉంది. అప్పుడు నువ్వు పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా వంగుతూ కనబడ్డావు. నాకు ఆ మాట మింగుడు పడలేదు, పైకీ రాలేదు. వెనక పాస్టరు దగ్గాడు. పది అవుతోందని ఆయన భయం.

అప్పుడు ఏమన్నానో నేను అన్నట్టే రాస్తున్నాను.

"అమ్మా, నేను ఎఫ్రాయిమ్‌ని. ఆర్డెల్ వచ్చింది. నువ్వు పోయిన రోజున ఇది సెలవడిగింది. ఇవ్వలేదు. బతుకంతా అందర్నీ అడుగుతూనే ఉంది. ఇక్కడ అడగదు. దీని తరపున నేనూ అడగను. జరుగమ్మా. చోటియ్యి."

జిప్పోరా అత్తయ్య గట్టిగా ఊపిరి పీల్చింది. "అయ్యో, అట్లా చెప్పకూడదయ్యా, అడగాలి. అడగకుండా వాళ్ళ మీదికి తీసుకెళ్తావా? ఒక్కమాట అడుగు నాయనా" అంది. మోసేవాళ్ళు నావైపు చూశారు. పెట్టె ఎత్తాలో వద్దో వాళ్ళకి తెలియలేదు. మన వాళ్ళలో ఇప్పటిదాకా ఎవరూ అలా లోపలికి పోలేదు.

"ఎత్తండి" అన్నాను.

ఎత్తారు. గుంజల మధ్యనుంచి నేనే ముందు నడిచాను. జవాబు రాలేదు. వస్తుందేమోనని నేను ఆగలేదు. నేను దయ్యాల్ని నమ్మను, కానీ అమ్మని నమ్ముతాను. ఆవిడ చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు. నిన్ను ఉత్తరపు వైపు దించాం. మట్టి వేసేటప్పుడు ఎవరూ పాట అందుకోలేదు. అడగకుండా తెచ్చినదానికి ఏ పాట పాడాలో వాళ్ళకి తోచలేదు. కొరీన్ ఒక్కతే ఏడ్చింది, పిల్లలా, బయటికి వినబడేట్టు. జిప్పోరా అత్తయ్య లోపలికి రాలేదు. గుంజల అవతలే నిలబడి, నా తరపున వాళ్ళని క్షమాపణ అడుగుతూ ఉండిపోయింది. పెదవులు కదలడం కనబడింది.

ఆ రోజునుంచి దీవిలో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. నీకు మేలు చేశానో, నిన్ను వాళ్ళ మధ్య పిలవని పేరంటానికి తోసి వచ్చానో తెలియక నాకు అన్నం సహించడం లేదు. ఇవాళ పొద్దున ఆగలేక గేటు దగ్గరికి పోయాను. చీటీ అడిగాను. లియాండర్ ఇచ్చి, కర్ర ఎత్తి, తన గదికి తాళం వేసి నా వెంట నడిచి వచ్చాడు.

నీ మట్టి ఎలా వేశామో అలాగే ఉంది, తీర్చినట్టు. అమ్మది అలా లేదు. నలభై ఏళ్ళుగా గట్టిపడి, గడ్డి పట్టిన మట్టి పొడుగునా విచ్చి, నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు ఒక పక్కకి లేచి ఉంది.

"వానకి అలా అవుతుంది తాతా" అన్నాడు లియాండర్.

"వాన ఎప్పుడు పడిందిరా?" అన్నాను.

వాడు టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఇద్దరం అటు తిరిగీ ఇటు తిరిగీ చూశాం. ఆవిడ తిరిగింది నీ వైపో, అవతలి వైపో, ఎంత చూసినా నాకు తేలలేదు. రేపు వెలుతురు బాగా ఉన్నప్పుడు మళ్ళీ వెళ్ళి చూస్తాను.

నీ అన్న